పాలిమర్ పొరలో స్పిన్ జాడ పట్టుకోవడం ఎలా: కాలేజీ ల్యాబులో ఓమార్ కొలత

ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టుకి ఏం తీసుకోవాలని శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల పిల్లలు ఏటా అడుగుతుంటారు. నేను ఏటా ఒకే మాట చెబుతున్నాను. ఎలక్ట్రాన్ స్పిన్ (ప్రతి ఎలక్ట్రాన్‌కీ ఉండే అతి చిన్న అయస్కాంత గుణం) అనేది పుస్తకంలో బాణం గుర్తుగా మిగిలిపోకూడదు, మీటరు మీద అంకె మారుతుంటే కళ్లతో చూడాలి. అందుకు ద్రవ హీలియం అక్కర్లేదు, భారీ అయస్కాంతం అక్కర్లేదు. నారింజ రంగు పాలిమర్‌ని గాజు మీద పలచగా పరిచి, దాని గుండా కరెంటు పంపి, పక్కన 10 మిల్లీటెస్లాల అయస్కాంత క్షేత్రం పెడితే చాలు. గది వేడిమిలోనే కరెంటు కొద్దిగా మారుతుంది. సేంద్రియ మాగ్నెటోరెసిస్టెన్స్ అంటే ఇదే. ఈ రంగంలో పనిచేసేవాళ్లు దీన్ని పొట్టిగా ఓమార్ అంటారు.

2004లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం బృందం పాలీఫ్లోరీన్ పొరల్లో 10 మిల్లీటెస్లాల దరిదాపు క్షేత్రానికి 10 శాతం దాకా మార్పు చూపించింది. అదే ఏడాది ఉటా విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన స్పిన్ వాల్వు వేరే సంగతి. అందులో ఎలక్ట్రోడ్లే అయస్కాంతాలు, 40 శాతం మార్పు వచ్చింది, కానీ 11 కెల్విన్ చలిలో. రెండింటినీ కలిపేసి రిపోర్టులు రాసేవాళ్లున్నారు. మనం చేయబోయేదాంట్లో అయస్కాంత లోహం ఒక్క ముక్క కూడా ఉండదు.

పని మొదలెట్టే ముందు ఇది ఎందుకు ఆశ్చర్యమో ఒకసారి లెక్క వేసి చూడండి. క్షేత్రం పెడితే కరెంటు దారి వంగి నిరోధం మారడం మామూలు లోహాల్లోనూ ఉంది. ఆ మార్పు మొబిలిటీని (చార్జీలు ఎంత సులువుగా కదులుతాయో చెప్పే అంకె) క్షేత్రంతో గుణించి వర్గం చేస్తే వచ్చేంత. ఇలాంటి పాలిమర్‌లో మొబిలిటీ వోల్టు-సెకనుకి సెంటీమీటరు వర్గంలో పది లక్షలో వంతు అనుకోండి. 10 మిల్లీటెస్లాలకు ఆ వర్గం విలువ దశాంశ బిందువు తర్వాత 23 సున్నాలు పెట్టి 1 రాసినంత. ఏ మీటరూ దాన్ని చూడలేదు. శక్తి లెక్కనైనా చూడండి: ఆ క్షేత్రంలో స్పిన్ పైకి, కిందికి ఉన్న స్థితుల మధ్య తేడా గది వేడిమి శక్తిలో 20 వేలో వంతు. అంత చిన్న తేడా కరెంటును శాతాల్లో ఎలా మారుస్తుంది?

జవాబు శక్తిలో లేదు, కాలంలో ఉంది. ఈ పొరల్లో చార్జీలు ఒక అణువు నుంచి ఇంకో అణువుకి గెంతుతూ పోతాయి. సన్నటి పొలం గట్టు మీద ఇద్దరు ఎదురయ్యారనుకోండి. ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగితేనే దాటుకోగలరు. ఇద్దరూ ఒకే వైపు తిరిగి నిలబడితే దారి మూసుకుపోతుంది. అలాగే రెండు చార్జీలు ఒకే అణువు మీద చేరాలంటే వాటి స్పిన్లు ఎదురెదురుగా ఉండాలి, ఒకే వైపు ఉంటే పౌలీ నియమం ఒప్పుకోదు. అయితే ప్రతి అణువులోనూ హైడ్రోజన్ కేంద్రకాలున్నాయి. వాటి చిన్న చిన్న క్షేత్రాలు, కొన్ని మిల్లీటెస్లాలవి, ఒక్కో చోట ఒక్కో దిక్కుకి ఉంటాయి. ఆగిపోయిన జంటలో ఒక్కో స్పిన్‌నీ ఒక్కోలా తిప్పుతాయి. అలా తిరగడంలో అడ్డు వీడుతుంది. మనం బయటి నుంచి అంతకన్నా పెద్ద క్షేత్రం పెడితే రెండు స్పిన్లూ ఒకే అక్షం చుట్టూ తిరుగుతాయి, అడ్డు అడ్డుగానే ఉండిపోతుంది. 10 మిల్లీటెస్లాలలో స్పిన్ ఒక చుట్టు తిరగడానికి పట్టేది సుమారు 3.6 నానోసెకన్లు. అంతకన్నా ఎక్కువసేపు కాచుకుని ఉన్న జంటలన్నీ ఈ ఆటలో ఉన్నట్టే. ఇదొక నమూనా. ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీ, ధన చార్జీలా కదిలేది) జంటలతో చెప్పేది ఇంకొకటి, ట్రిప్లెట్లు (ఒకే వైపు స్పిన్లతో కలిసిపోయిన అలాంటి జంటలు) చార్జీలకు అడ్డుపడటంతో చెప్పేది మరొకటి. ఏ పొరలో ఏది ముందుంటుందో పదార్థాన్ని, వోల్టేజిని బట్టి మారుతుంది. అందుకే మీ కరెంటు పెరగొచ్చు, తగ్గొచ్చు. రెండూ సరైన ఫలితాలే.

ఇక పనిలోకి దిగండి.

నెల చూసి మొదలుపెట్టండి. మనది సముద్రం గాలి. కళింగపట్నం వైపు నుంచి వచ్చే తడి ఈ పొరలకు శత్రువు. నీరు, ఆక్సిజన్ కలిసి పాలిమర్‌ని కొద్ది రోజుల్లోనే పాడుచేస్తాయి. అక్టోబరు, నవంబరు తుపాన్లు వెళ్లిపోయాక డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెట్టుకోండి. సంక్రాంతి సెలవుల్లో ల్యాబు ఖాళీగా ఉంటుంది, అదీ కలిసొస్తుంది.

ఐటీఓ (కరెంటు పోనిచ్చే పారదర్శక ఇండియం టిన్ ఆక్సైడు) పూత ఉన్న గాజు పలకలు కొనండి. చదరానికి 10 నుంచి 15 ఓములవి చాలు. మల్టీమీటరుతో ఏ వైపు పూత ఉందో ముందే చూసుకుని, వెనకవైపు డైమండ్ పెన్సిలుతో నంబరు గీయండి. తర్వాత కడగడం. సబ్బు నీరు, డిస్టిల్డ్ వాటర్, ఎసిటోన్, ఐసోప్రొపనాల్, ఈ వరసలో ఒక్కోదాంట్లో 10 నిమిషాలు అల్ట్రాసోనిక్ బాత్‌లో ఉంచండి. పిల్లలు ఎక్కువగా తొందరపడేది ఇక్కడే. పొందూరులో నూలు వడికేవాళ్లను చూడండి. చరఖా ముందు కూర్చునే లోపే వాలుగ చేప దవడ ఎముకతో దూదిని ఎంతసేపు దువ్వుతారో! ఆ సన్నటి నూలంతా ఆ దువ్వడంలోనే ఉంది. మన పొర మందం 100 నానోమీటర్లు. గాలిలో తేలే మామూలు దుమ్ము రేణువు ఒక మైక్రాను ఉన్నా పొరకు పది రెట్లు ఎత్తు. అలాంటిది ఒక్కటి రెండు కాంటాక్టుల మధ్య చోటులో పడితే పై కాంటాక్టు కిందిదానికి తగిలి షార్టు అవుతుంది, ఆ పలక ఇక పనికిరాదు. కడిగిన పలకను ఏటవాలుగా పట్టుకుని ట్యూబులైటు కింద చూడండి. నీరు చుక్కలుగా విడిపోకుండా ఒకే రేకులా జారితే శుభ్రమైనట్టు. యూవీ ఓజోన్ పెట్టె ఉంటే 15 నిమిషాలు పెట్టండి.

ముందు పెడాట్-పీఎస్ఎస్ (కరెంటు పోనిచ్చే పాలిమర్) పొర. 0.45 మైక్రాన్ల ఫిల్టరు గుండా పలక మీదికి వడకట్టి, స్పిన్ కోటర్‌లో (పలకను గిర్రున తిప్పి ద్రావణాన్ని పలచగా పరిచే యంత్రం) నిమిషానికి 3000 నుంచి 4000 చుట్ల దగ్గర ఒక నిమిషం తిప్పి, 120 డిగ్రీల హాట్‌ప్లేటు మీద 15 నిమిషాలు ఆరబెట్టండి. దాని మీద అసలు పొర. నేను ఎంఈహెచ్-పీపీవీ అనే పాలిమర్ వాడతాను. మిల్లీలీటరు క్లోరోబెంజీన్‌కి 5 మిల్లీగ్రాములు వేసి, 50 డిగ్రీల దగ్గర రాత్రంతా కలియబెట్టి, మరునాడు 1500 చుట్ల దగ్గర తిప్పండి. ఎంత మందం వస్తుందో పాలిమర్ మాలిక్యులర్ వెయిట్‌ని బట్టి ఉంటుంది. అందుకే ఒకే బ్యాచ్‌లో మూడు వేగాలతో మూడు పలకలు చేసి పెట్టుకోండి. స్పిన్ కోటర్ లేకపోతే కంప్యూటరు ఫ్యానుకి రెండువైపులా అంటుకునే టేపు వేసి తిప్పినవాళ్లున్నారు, పొర కొంచెం ఎగుడుదిగుడుగా వచ్చినా ఈ కొలతకి సరిపోతుంది. క్లోరోబెంజీన్ ఆవిరి మంచిది కాదు. ఫ్యూమ్ హుడ్ కిందే చేయండి, నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. మిగిలిన ద్రావణాన్ని సింకులో పారబోయకుండా మూత బిగించిన గాజు సీసాలో దాచి, కెమిస్ట్రీ డిపార్టుమెంటు వేస్టుతో కలిపి పంపండి.

పై కాంటాక్టు దగ్గర చాలామంది ఆగిపోతారు. సాధారణంగా వాక్యూమ్‌లో అల్యూమినియం ఆవిరి పట్టించాలి, ఆ యంత్రం మన కాలేజీల్లో అరుదు. విశాఖలో ఎక్కడైనా అవకాశం దొరికితే వెళ్లి పట్టించుకోండి, ఫలితం కచ్చితంగా మెరుగ్గా ఉంటుంది. దొరక్కపోతే గాలియం-ఇండియం యూటెక్టిక్ అనే ద్రవ లోహ మిశ్రమం ఉంది. బరువులో 75.5 శాతం గాలియం, మిగతాది ఇండియం. 15.5 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి మన ఊళ్లో చలికాలం పగటిపూట కూడా ద్రవంగానే ఉంటుంది. కాప్టన్ టేపుకి తోలు పని పంచ్‌తో 3 మిల్లీమీటర్ల కన్నం చేసి పాలిమర్ మీద అతికించండి. తర్వాత దాన్ని పీకొద్దు. ఆ కన్నంలోకి సిరంజితో ఒక చుక్క వదలండి. చుక్క మీద సన్నటి ఆక్సైడు పొర కట్టి అది కదలకుండా నిలబడుతుంది. రాగి తీగ కొనను చుక్కలో ముంచి, తీగను పలక అంచుకి టేపుతో బిగించండి, తీగ బరువు చుక్క మీద పడకూడదు. ఇంకో మూల పాలిమర్‌ని క్లోరోబెంజీన్‌లో తడిపిన దూదితో, కింది పెడాట్‌ని నీళ్లు తడిపిన దూదితో తుడిచి ఐటీఓ బయటపెట్టండి. ఈ గాలియం మిశ్రమాన్ని అల్యూమినియం వస్తువులకు తగలనివ్వొద్దు, లోపలికి దిగి పెళుసు చేసేస్తుంది. క్రొకొడైల్ క్లిప్పులు ఎక్కువగా ఇనుమువే ఉంటాయి. అయస్కాంతం దగ్గర పెట్టి చూసి, అంటుకున్నవి పక్కన పెట్టేయండి. ఇత్తడి స్క్రూ, రాగి తీగ వాడండి.

కాయిల్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఈ ప్రయోగం గుట్టంతా అక్కడే ఉంది.

నాలుగు అంగుళాల పీవీసీ పైపు ముక్కలు రెండు తీసుకుని శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక మోటారు వైండింగ్ షాపుకి వెళ్లాను. మేస్త్రీ పైపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటి మోటారండీ మేస్టారూ, ఎన్ని హెచ్‌పీ?" అన్నాడు. మోటారు కాదని, రెండు తీగలు కలిపి ఒకేసారి చుట్టాలని చెప్పాను. ఆయన చేతి వాటం చూసి తీరాలి. 18 గేజి ఎనామిల్ తీగ, జంటగా 150 చుట్లు, ఒక్క చోట కూడా తీగ మీద తీగ అడ్డంగా ఎక్కలేదు. ఇలా రెండు కాయిల్స్. జంట తీగ కాబట్టి ఒక్కో కాయిల్‌కి మొత్తం 300 చుట్లు. రాగి బరువు రెండింటికీ కలిపి దాదాపు రెండున్నర కిలోల పైనే పడుతుంది. చుట్ల మధ్య సగటు వ్యాసార్ధం 6.8 సెంటీమీటర్లు వచ్చింది, రెండు కాయిల్స్‌ని కూడా అంతే దూరంలో నిలబెట్టాలి. మధ్యలో క్షేత్రం ఎంతో లెక్క తేలిక: చుట్లను ఆంపియర్లతో గుణించి, మీటర్లలో వ్యాసార్ధంతో భాగించి, 0.9తో గుణిస్తే మైక్రోటెస్లాల్లో వస్తుంది. 3 ఆంపియర్లకు సుమారు 12 మిల్లీటెస్లాలు. ఎస్ఎస్49ఈ రకం హాల్ సెన్సారుతో (క్షేత్రాన్ని వోల్టేజిగా చూపే చిప్పు) సరిచూసుకోండి. 5 వోల్టుల మీద నడిపితే ఒక్కో మిల్లీటెస్లాకి దాదాపు 14 మిల్లీవోల్టులు జరుగుతుంది. దగ్గర్లో ఇనుప బీరువా, ఇనుప బల్ల ఉండకూడదు. చెక్క బల్ల మీద పెట్టండి.

జంట తీగ ఎందుకంటే, నేను మొదట ఒంటి తీగతోనే చుట్టించాను. మొదటి పలక పెట్టి కాయిల్‌కి 3 ఆంపియర్లు ఇచ్చాను. కరెంటు 2 శాతం పెరిగింది. క్షేత్రం దిక్కు తిప్పాను, అప్పుడూ 2 శాతమే. స్పిన్ ప్రభావం దిక్కు తిప్పినా మారకూడదు కాబట్టి సరిగ్గా కుదిరిందనుకున్నాను. మూడు రోజులు గ్రాఫులు గీశాం. నాలుగో రోజు ఒక విద్యార్థిని సెకను సెకనుకీ రీడింగు రాస్తూ, కాయిల్ ఆపేసిన అర నిమిషం తర్వాత కూడా కరెంటు ఇంకా దిగుతూనే ఉందని చూపించింది. నానోసెకన్లలో తిరిగే స్పిన్ అర నిమిషం ఆగదు. అది వేడి. కాయిల్స్ రెండింట్లో కలిపి 30 వాట్లకు పైగా ఖర్చవుతోంది, ఆ వేడి పలకకు చేరుతోంది. ఇలాంటి పొరల్లో చార్జీ గెంతడానికి 0.3 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలనుకుంటే, పలక ఒక్క డిగ్రీ వేడెక్కితే కరెంటు దాదాపు 4 శాతం పెరుగుతుంది. అర డిగ్రీ చాలు, మన 2 శాతం వచ్చేస్తుంది. పైగా వేడి కరెంటు వర్గాన్ని బట్టి పుడుతుంది, దిక్కుతో దానికి పని లేదు. అంటే వేడి అచ్చం ఓమార్ వేషం వేసుకుని వస్తుంది. దిక్కు తిప్పి చూసే పరీక్ష దాన్ని పట్టుకోలేదు.

జంట తీగ పట్టుకుంటుంది. రెండు తీగల్లోనూ కరెంటు ఒకే వైపు పోతే 300 చుట్ల క్షేత్రం. ఒకదాంట్లో ఇటు, రెండోదాంట్లో అటు పోతే క్షేత్రం సున్నా, వేడి మాత్రం అంతే. మధ్యలో ఒక డీపీడీటీ స్విచ్చి (తీగ రెండు కొసలనూ ఒకేసారి తారుమారు చేసేది) పెడితే సరి. ప్రతి కొలతనూ రెండు విధాలా చేయండి. క్షేత్రం ఉన్నప్పుడు వచ్చే మార్పులోంచి వేడి మాత్రమే ఉన్నప్పటి మార్పును తీసేస్తే మిగిలేదే మనది. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, కాయిల్ కరెంటును అసలు ఆపకుండా స్విచ్చిని మాత్రం ఇటూ అటూ మారుస్తూ పోవడం. అప్పుడు వేడి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, క్షేత్రం ఒక్కటే వచ్చీపోతుంది. ఒక గంటసేపు ముందుగా కాయిల్‌ని వేడెక్కనిచ్చి మొదలుపెట్టండి.

పలకకు వోల్టేజి యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇవ్వండి. మన దగ్గర మెయిన్స్ ఎంత ఊగుతుందో మీకు తెలుసు, ఆ ఊగు కొలతలోకి రాకూడదు. 1 కిలో ఓము పది చుట్ల పొటెన్షియోమీటరుతో వోల్టేజి సర్దుకోండి. పలకతో వరసలో 1 కిలో ఓము రెసిస్టరు పెట్టి, దాని మీద వోల్టేజిని అయిదున్నర అంకెల మల్టీమీటరుతో చదవండి. 20 మైక్రోఆంపియర్ల కరెంటుకి 20 మిల్లీవోల్టులు వస్తుంది. అందులో అర శాతం అంటే 100 మైక్రోవోల్టులు, మీటరు సుళువుగా చూపిస్తుంది. మొత్తాన్నీ నల్ల కాగితం అతికించిన అట్టపెట్టెలో మూసేయండి. ఈ పాలిమర్ మీద వెలుతురు పడితే కరెంటు మారుతుంది, కిటికీ పక్కన మబ్బు కదిలినా మీకు శిఖరాలు కనబడతాయి. పెట్టెలో సిలికా జెల్ పెట్టండి. నైట్రోజన్ సిలిండరు ఉంటే సన్నగా వదలండి. పశువుల ఆసుపత్రుల్లో వీర్యం నిల్వకు ద్రవ నైట్రోజన్ ఉంటుంది, అడిగితే ఒక్కోసారి కొంచెం ఇస్తారు. లీటరు ద్రవం 700 లీటర్ల దాకా పొడి వాయువు అవుతుంది కాబట్టి కిటికీలు తీసి ఉంచే గదిలోనే వాడండి.

2 వోల్టుల నుంచి మొదలుపెట్టి 0.2 చొప్పున పెంచుతూ కరెంటు రాసుకోండి. కరెంటు ఒక్కసారిగా ఎక్కడం మొదలయ్యే చోటు మనకు కావాలి. చీకట్లో గాజు కిందివైపు నుంచి మసక నారింజ వెలుగు కనబడితే అదృష్టం, ఎలక్ట్రాన్లు, హోల్స్ రెండూ వస్తున్నట్టు. ఆ వోల్టేజి దగ్గర ఓమార్ బాగా కనబడుతుంది. అక్కడ నిలిపి 20 నిమిషాలు వదిలేయండి. మొదట్లో కరెంటు జారుతూనే ఉంటుంది, ఆ జారుడు నెమ్మదించి తిన్నని గీత అయ్యేదాకా ఆగాలి.

తర్వాత 10 సెకన్లు క్షేత్రం లేకుండా, 10 సెకన్లు క్షేత్రంతో, మళ్లీ లేకుండా. స్విచ్చి వేసిన మొదటి 2 సెకన్ల రీడింగులు వదిలేయండి, తీగల్లో ప్రేరిత వోల్టేజి అప్పుడే ఉంటుంది. క్షేత్రం ఉన్న ప్రతి రీడింగునూ దానికి ముందు, వెనక ఉన్న సున్నా రీడింగుల సగటుతో పోల్చండి, జారుడు దానంతటదే కొట్టుకుపోతుంది. ఒక్కో క్షేత్రానికి ఇలా 20 సార్లు. 1, 2, 3 అని ఎక్కుతూ పోకుండా క్షేత్రాల వరసను చీటీలు తీసి కలగాపులగం చేయండి. క్షేత్రం మార్చిన ప్రతిసారీ కాయిల్ వేడి నిలకడ అయ్యేదాకా ఆగండి. రెండు దిక్కులూ కొలవండి. అంతా అయ్యాక పలక తీసి దాని స్థానంలో 470 కిలో ఓముల మామూలు రెసిస్టరు పెట్టి మొత్తం ఒకసారి మళ్లీ చేయండి. అక్కడ సున్నా రాకపోతే మీ సర్క్యూటులో ఏదో ఉంది. సున్నా వచ్చేదాకా పలక సంగతి మాట్లాడొద్దు.

చివరగా పలకను 90 డిగ్రీలు తిప్పండి. క్షేత్రం పొరకు నిలువుగా ఉన్నా, పొర వెంబడి ఉన్నా మార్పు దాదాపు ఒక్కటే రావాలి. ఇది నాకు చాలా ఇష్టమైన కొలత. హైడ్రోజన్ కేంద్రకాలు ఏ దిక్కునూ ప్రత్యేకంగా చూడవని ఒక అట్టపెట్టెలో తెలిసిపోతుంది.

ఇప్పుడు గ్రాఫు. అడ్డంగా క్షేత్రం, నిలువుగా శాతం మార్పు. మొదట నిటారుగా ఎక్కి, కొన్ని మిల్లీటెస్లాల తర్వాత చదునవుతూ పోతుంది. దీనికి రెండు సూత్రాలు పెట్టి చూడండి. మొదటిది, క్షేత్ర వర్గాన్ని క్షేత్ర వర్గం, ఒక స్థిరాంకపు వర్గం కలిపిన మొత్తంతో భాగించేది. రెండోది, క్షేత్ర వర్గాన్ని, క్షేత్రం విలువకు స్థిరాంకం కలిపి వర్గం చేసిన దానితో భాగించేది. మొదటిది త్వరగా చదునవుతుంది, రెండోది నెమ్మదిగా ఎక్కుతూనే ఉంటుంది. మీ బిందువులు దేని మీద కూర్చుంటాయో చూసి ఆ స్థిరాంకం రాయండి. చాలా పదార్థాల్లో అది కొన్ని మిల్లీటెస్లాలే వస్తుంది. 2010లో ఉటా బృందం హైడ్రోజన్‌కి బదులు డ్యుటీరియం పెట్టిన పాలిమర్‌తో చేస్తే ఈ వంపు సన్నబడింది. డ్యుటీరియం కేంద్రకం అయస్కాంత బలం తక్కువ మరి. ఆ పాలిమర్ మనకు దొరకదు. కానీ హైడ్రోజనే లేని సీ60 (60 కార్బన్ పరమాణువుల బంతి) పొరను ఎంఈహెచ్-పీపీవీ పక్కన పెట్టి పోల్చొచ్చు. రెండో ఏడాది ప్రాజెక్టుకి నేను ఇదే ఇస్తాను.

వంపు తేలిపోయాక వోల్టేజి 0.5 పెంచి మొత్తం మళ్లీ మొదటినుంచి చేయండి. ఒక వోల్టేజి దగ్గర గుర్తే తిరగబడి, పెరిగే కరెంటు తగ్గడం మొదలుపెట్టొచ్చు. అప్పుడు కంగారుపడి పలక మార్చేయకుండా, రెసిస్టరు పరీక్ష, వేడి పరీక్ష రెండూ ఆ వోల్టేజి దగ్గరే ఇంకోసారి చేసి, నంబరు, తేదీ, గదిలో తేమ శాతం పక్కన రాసి పెట్టుకోండి.